టోకెన్ పడింది

ముప్పై ఒక్క సంవత్సరాలు ట్రెజరీ శాఖలో పనిచేసి 2024లో పదవీ విరమణ చేశాను. చివరి ఆరేళ్లూ ఒక మండల కేంద్రంలోని సబ్ ట్రెజరీలో గడిచాయి. ఆ ఆరేళ్లలో కౌంటరు దగ్గర నేను అన్నిటికంటే ఎక్కువసార్లు పలికిన మాట ఏదంటే, "టోకెన్ పడింది, ఇక పైనుంచి రావాలి" అన్నదే. ఉపాధ్యాయుల మెడికల్ బిల్లులకూ, హాస్టల్ వార్డెన్ల భోజనాల (డైట్) బిల్లులకూ, సర్పంచులు చేయించిన మురుగు కాలువ పనులకూ, మధ్యాహ్న భోజనం వండే అమ్మలకూ అందరికీ అదే జవాబు. అబద్ధం చెప్పానని అనను. అయితే ఆ మాట వెనుక ఉన్న అసలు సంగతిని ఏనాడూ విప్పి చెప్పలేదు. ఉద్యోగంలో ఉండగా చెప్పే వీలూ లేదు.

ప్రభుత్వ ఖర్చుల కోత అనగానే ఏదో ఒక పథకాన్ని రద్దు చేస్తూ జీవో రావడం, పత్రికల్లో పెద్ద అక్షరాలతో వార్త రావడం మన ఊహకు వస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో కోత అలా రాదు. బడ్జెట్ పుస్తకంలో అంకె దాదాపు ఏటా పెరుగుతూనే ఉంటుంది. తెలంగాణ బడ్జెట్ 2024-25లో రూ.2,91,159 కోట్లు అయితే, 2025-26లో అది రూ.3,04,965 కోట్లకు చేరింది. ఏ ఆర్థిక మంత్రీ శాసనసభలో నిలబడి ఫలానా శాఖకు కోత పెడుతున్నానని చెప్పడు. కేటాయింపు ఉంటుంది, పరిపాలనా అనుమతి ఉంటుంది, బడ్జెట్ విడుదల ఉత్తర్వు కూడా చాలాసార్లు ఉంటుంది. లేనిది డబ్బే.

ఆఫీసు తరఫున డబ్బు తీసే డ్రాయింగ్ అధికారి బిల్లు తయారుచేసి ట్రెజరీకి పంపుతాడు. మేము ఏ పద్దు కింద ఖర్చో చెప్పే హెడ్ ఆఫ్ అకౌంట్ సరిచూసి, వోచర్లు సరిచూసి, ఆడిట్ చేసి పాస్ చేస్తాం. టోకెన్ నంబరు వస్తుంది. అక్కడితో మా పని ముగుస్తుంది. రిజర్వు బ్యాంకు చెల్లింపుల వ్యవస్థ ఈ-కుబేర్ ద్వారా లబ్ధిదారు ఖాతాకు డబ్బు వెళ్లాలంటే ఆర్థిక శాఖ పచ్చజెండా ఊపాలి. ఆ జెండా కోసం బిల్లు నెలల తరబడి ఎదురుచూస్తుంది. "ఈ-కుబేర్‌లో ఉంది" అన్నది ఇప్పుడు తెలంగాణలో ఉపాధ్యాయుల ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన మాట. మార్చి 31 రాత్రి దాకా ట్రెజరీలో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఆ అర్ధరాత్రి దాటితే చెల్లించని బిల్లులు వెనక్కి వస్తాయి, కొత్త ఆర్థిక సంవత్సరంలో వాటిని మళ్లీ పెట్టుకోవాలి, మళ్లీ కొత్త టోకెన్. ఆ రాత్రి మా ఆఫీసులో మిర్చి బజ్జీలు తినడం ఒక ఆచారం. సంవత్సరాంతపు పని ఒత్తిడికి అదొక ఊరట అనుకునేవాడిని. అవతలివాడి బిల్లు చచ్చిపోతున్న గంటలో తింటున్నామని రిటైరయ్యాకే తోచింది.

2024 మొదట్లో ఒక మధ్యాహ్నం ఇద్దరు వంట అమ్మలు ఆఫీసుకు వచ్చారు. వాళ్ల ప్రాథమిక పాఠశాలలో ఎనభై మంది పిల్లలు. మండల విద్యాధికారి కార్యాలయంలో అడిగితే బిల్లు ట్రెజరీకి వెళ్లిందన్నారట, అందుకని ఆటో ఎక్కి మా దగ్గరకు వచ్చారు. నాలుగు నెలల బిల్లులు ఆగి ఉన్నాయి. ఎప్పటిలాగే టోకెన్ పడిందని చెప్పాను. ఇద్దరిలో పెద్దామె కౌంటరు మీద చేయి ఆనించి, "ఆ టోకెన్ సూపిస్తే సేటు మంచినూనె ఇస్తడా సారూ?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. ఒకవేళ ఇస్తాడేమో, మేము కాగితం మీద రాసిస్తామేమో అన్న ఆశతోనే నిజంగా అడిగింది.

వాళ్లు వెళ్లాక కాగితం తీసుకుని లెక్క వేశాను. అప్పటి రేటు ప్రకారం ప్రాథమిక పాఠశాలలో ఒక్కో పిల్లవాడికి రోజుకు రూ.5.45. బియ్యం ప్రభుత్వమే ఇస్తుంది కాబట్టి పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పు, కారం, కట్టెలో గ్యాసో అన్నీ ఆ ఐదున్నరలోపే సర్దుకోవాలి. ఎనభై మందికి రోజుకు రూ.436, నెలకు ఇరవై రెండు పని దినాలు వేసుకుంటే రూ.9,592; నాలుగు నెలలకు రూ.38,368. గుడ్ల బిల్లు వేరు. ఇద్దరికీ నెలకు మూడేసి వేల రూపాయల గౌరవ వేతనం. అందులో కేంద్రం వాటా రూ.600 మాత్రమే. ఆ వేతనం నాలుగు నెలలకు మరో రూ.24,000. అన్నీ కలిపితే అరవై రెండు వేలు దాటింది. ఆ తరువాత రేటును 2024 డిసెంబరులో రూ.6.19కి, 2025 మేలో రూ.6.78కి పెంచారు. మంచిదే. కానీ ఆ ఆరు రూపాయల డెబ్బై ఎనిమిది పైసలు నాలుగు నెలలు ఆలస్యంగా వస్తే, పెంచిన దాంట్లో మంచి వాటా వంట చేసే మనిషికి మిగలదు.

ఎందుకంటే ఆమె ఆ డబ్బును వడ్డీకి తెస్తుంది. మా ప్రాంతంలో నూటికి రెండు రూపాయలు అంటే మర్యాదగల వడ్డీ. చేతిలో బంగారం లేని మనిషికి మూడు రూపాయలు. ఏడాదికి ఇరవై నాలుగు నుంచి ముప్పై ఆరు శాతం. రాష్ట్ర ప్రభుత్వం మాత్రం రిజర్వు బ్యాంకు నిర్వహించే మంగళవారం వేలంలో బాండ్లు అమ్మి ఏడు, ఏడున్నర శాతం దరిదాపుల్లో అప్పు తెచ్చుకుంటుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఏడున్నర శాతానికి అప్పు పుట్టే ప్రభుత్వం, తన అవసరం తీరక, ముప్పై శాతానికి అప్పు తెచ్చుకునే మనిషి దగ్గర వడ్డీ లేని చేబదులు తీసుకుంటోంది. అదీ ఆమెను అడగకుండా, ప్రామిసరీ నోటు రాయకుండా, ఎప్పుడు తీరుస్తానో చెప్పకుండా. అధికారిక లెక్కల్లో ఈ అప్పు ఎక్కడా కనిపించదు. మార్కెట్ రుణాల మీద కేంద్రం పరిమితి పెడుతుంది, రాజ్యాంగంలోని 293(3) అధికరణం కింద అనుమతి అడగాలి. ఈ చేబదులుకు పరిమితి లేదు, అనుమతీ అక్కర్లేదు.

వడ్డీ సంగతి వచ్చింది కాబట్టి 2020 గుర్తు చేయాలి. ఆ ఏడాది మార్చి 30న కరోనా కారణంగా జీతాలు వాయిదా వేస్తూ తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది: ముఖ్యమంత్రి, మంత్రులు, ప్రజాప్రతినిధులకు 75 శాతం, ఐఏఎస్‌లకు 60 శాతం, మిగతా ఉద్యోగులకు 50 శాతం, నాలుగో తరగతి వారికి 10 శాతం. పింఛనుదారులకు కూడా సగం కోశారు. ఒక్క రాత్రిలో బిల్లులన్నీ తిరగరాసి ఇచ్చినవాళ్లలో నేనూ ఒకడిని. ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి ఉత్తర్వే వచ్చింది. అక్కడ వ్యవహారం హైకోర్టుకు వెళ్లగా, వాయిదా వేసిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో చెల్లించాలని తీర్పు వచ్చింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దానిని 6 శాతానికి తగ్గించింది కానీ, ఆలస్యమైన జీతానికీ పింఛనుకూ వడ్డీ ఇవ్వాలన్న సూత్రాన్ని మాత్రం నిలిపింది. జీతం హక్కు, పింఛను హక్కు. గౌరవ వేతనం పేరులోనే గౌరవం. దానికి వడ్డీ అడిగే ధైర్యం ఎవరికుంది?

వాయిదా బరువు ఎక్కడెక్కడ దిగుతుందో చూస్తే, ఎప్పుడూ వరుసలో చివర ఉన్న మనిషి మీదే దిగుతుంది. 2025 సెప్టెంబరులో బకాయిల కోసం తెలంగాణలో నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపాయి. అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే జరిగింది. బకాయి రావలసింది ఆసుపత్రికి, తిరుగు ప్రయాణం రోగిది. నవంబరు 3 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు బంద్ పాటించాయి. అక్కడా బకాయి రావలసింది కళాశాలకే, కానీ సర్టిఫికెట్ చేతికి రాక ఉద్యోగంలో చేరే తేదీ దాటిపోతుందేమోనని భయపడేది ఆ పిల్లల ఇల్లు. ఇక గ్రామ పంచాయతీల సంగతి. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు, ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. పాలకవర్గాలు లేవు కాబట్టి కేంద్రం ఆర్థిక సంఘం నిధులు ఆపింది. మా ఊరి పంచాయతీ కార్యదర్శి, ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి, చెత్త ట్రాక్టరు డీజిలుకు తన జీతంలోంచి డబ్బు పెట్టేది. వానాకాలంలో బ్లీచింగ్ పౌడర్ సంచి అరువు తెచ్చింది. ఆమె ఆ పని చేయకపోతే ఊరికి డెంగీ వచ్చేది, చేసినందుకు ఆమె పెళ్లి కోసం కట్టుకునే చీటీ ఆగింది.

ఆర్థిక శాఖలో కూర్చున్నవాళ్లు దుర్మార్గులని నేను అనడం లేదు. నెలకు తెలంగాణకు వచ్చేది సుమారు రూ.18,500 కోట్లు; అందులో జీతాలు, పింఛన్లకు 6,500 కోట్లు, అప్పుల కిస్తీలు, వడ్డీలకు మరో 6,500 కోట్లు పోతాయని 2025లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా చెప్పారు. మిగిలిన ఐదున్నర వేల కోట్లతో వృద్ధులు, వితంతువుల పింఛన్లు, రైతుల డబ్బు, బియ్యం, కరెంటు సబ్సిడీ, ఉచిత బస్సు, పైన చెప్పినవన్నీ నడవాలి. ఈ రోగం ఒక పార్టీ తెచ్చినదీ కాదు. అంతకుముందు ప్రభుత్వంలో చివరి ఏళ్లలో జీతాలే నెల మధ్యకు వచ్చేవి. ఇప్పుడు ఒకటో తారీఖున పడుతున్నాయి, మిగతా బిల్లులు వెనక్కి జరిగాయి. దుప్పటి అంతే ఉంది. నా అభ్యంతరం దుప్పటి చిన్నదని కాదు, ఎవరి కాళ్లు బయట ఉంచాలో చెప్పే రాసిన నియమం లేదని. టోకెన్‌కు నంబరు ఉంది, చెల్లింపుకు ఆ నంబరుతో సంబంధం లేదు. యాభై వేల లోపు బిల్లులు ముందు అని ఒక్క వాక్యం రాసి దానికి కట్టుబడితే, మా సబ్ ట్రెజరీకి వచ్చే సగం మంది రానవసరం లేదు. మూడు లక్షల కోట్ల బడ్జెట్‌లో ఆ చిన్న బిల్లులు పెద్ద మొత్తం కూడా కావు.

తెలంగాణలో పదవీ విరమణ వయస్సును 2021లో 58 నుంచి 61కి పెంచారు. మూడేళ్లపాటు విరమణలు దాదాపు ఆగి, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగానికి బదులు ఒకేసారి ఇచ్చే మొత్తం) చెల్లించే పని ప్రభుత్వానికి తప్పింది. 2024 మార్చి నుంచి మళ్లీ మొదలైనప్పుడు ఆ బరువంతా ఒక్కసారిగా మీద పడింది. ఉద్యోగుల పెండింగ్ బిల్లులకు నెలకు రూ.700 కోట్ల చొప్పున విడుదల చేస్తామని 2025లో ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ వరుసలో నేనూ ఉన్నాను. నాకు నెలనెలా పింఛను వస్తోంది, ఇల్లు సొంతం, కాబట్టి నా బాధను ఆ అమ్మల బాధ పక్కన పెట్టను.

పోయిన నెల సంతలో చిక్కుడుకాయలు ఏరుకుంటుంటే ఎవరో "సారూ" అని పిలిచారు. ఆ పెద్దామే. బడిలో వంట ఇంకా చేస్తోందట, పిల్లలు డెబ్బై మందికి తగ్గారట. పాత బిల్లులు వచ్చాయా అని అడిగాను. రెండు నెలలవి వచ్చాయంది. తరువాత నేను రిటైరయ్యానని తెలిసి, "మరి మీ పైసలన్న పడ్డయా సారూ?" అని అడిగింది.

"టోకెన్ పడ్డదమ్మా" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే చిక్కుడుకాయలవాడు కూడా, ఎందుకో తెలియకుండానే, నవ్వాడు.