‘లో’ (దిగువ) మెడికల్ కేటగిరీ నుంచి మళ్లీ షేప్-1: నా అనుభవం

సైన్యంలో వైద్య కేటగిరీని తిరిగి నిర్ణయించే రీక్యాట్ బోర్డు నాకు నిన్ననే పూర్తయింది. మళ్లీ షేప్-1లోకి, అంటే పూర్తి ఫిట్ కేటగిరీలోకి వచ్చాను. ప్రమోషన్ కోసం చేయాల్సిన కేడర్ కోర్సుకు ఇక అడ్డులేదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఫౌజుకు వచ్చిన తమ్ముళ్లకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

ఎత్తుకూ వయసుకూ ఉండవలసిన బరువును 10 శాతానికి పైగా దాటానని వార్షిక వైద్య పరీక్షలో తేలింది. రక్త పరీక్షలు, ఈసీజీ ఒక్క పూటలో అయిపోయాయి. ‘పీ’ (శారీరక ఆరోగ్యం) కింద తాత్కాలికంగా లో కేటగిరీ వేసి, డైట్ చార్టు చేతిలో పెట్టి పంపించారు.

పరుగులో మా కంపెనీలో నన్ను మించినవాడు లేడు. బద్ధకంతో పెరిగిన ఒళ్లు కాదిది. సరిహద్దులో నా పక్కన నడుస్తున్న మిత్రుడు మందుపాతర పేలి చనిపోయాడు. ఆ తర్వాత రాత్రుళ్లు నిద్ర లేదు, తిండికి అదుపు లేదు. బ్యారక్‌లో అందరూ పడుకున్నాక దుప్పటి కప్పుకొని, చప్పుడు కాకుండా బిస్కెట్లు నోట్లోనే నానబెట్టి మింగేవాణ్ణి. కడుపు నొప్పి పుట్టేదాకా ఆపలేకపోయేవాణ్ణి. పగలంతా పస్తు, పరుగు. రాత్రికి మళ్లీ అదే.

“నిద్ర పడుతోందా?” అని అడిగింది మిలిటరీ ఆసుపత్రిలో ఒక్క డాక్టరమ్మే. ఆమె మానసిక విభాగానికి రాశారు. అక్కడ మొదలైంది నరకం.

మానసిక వైద్యుడు చూడాలంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-10 అనే ఫారం కావాలి. అందులో మన నడవడి గురించి కమాండింగ్ ఆఫీసర్ (సీఓ) రాసివ్వాలి. అది కంపెనీ ఆఫీసుకు వచ్చింది. టీ తాగుతున్న నలుగురి ముందు క్లర్కు దాన్ని పైకి చదివాడు. “తాగుతాడా? ఇంట్లో గొడవలున్నాయా? రాయండి సాబ్, మద్రాసీకి పిచ్చి డాక్టరట!” సుబేదార్ సాబ్ తలెత్తలేదు. ఆ సాయంత్రమే గార్డు డ్యూటీ నుంచి పేరు కొట్టేశారు, రైఫిల్ ఇవ్వలేదు. కోత్ (ఆయుధాల గది) ముందు వరుసలోంచి నన్ను ఒక్కణ్ణే పక్కకు నిలబెట్టారు. శత్రువు తూటాకు వంచని తల అక్కడ వంగింది. జవాను రోగం నవ్వులాట కాదు. ఆ కాగితం సీలు వేసిన కవరులో సీఓ సాబ్ చేతికే వెళ్లాలి. మీరైతే డాక్టరును ముందే గట్టిగా అడగండి.

వైద్యం మాత్రం మంచిదే జరిగింది. ఇలా అదుపు లేకుండా తినడాన్ని 2013 నుంచి అమెరికా మానసిక వైద్యుల గ్రంథం కూడా ప్రత్యేక రుగ్మతగా గుర్తించిందని డాక్టర్ వివరించారు. పస్తులు మానేసి వేళకు తినమన్నారు. పేలుడు గురించి ప్రతి వారం మాట్లాడించారు. నిద్ర కుదిరాకే బరువు దిగింది. ‘ఎస్’ (మానసిక ఆరోగ్యం) కింద కూడా లో కేటగిరీ పడింది కానీ, బోర్డుల మీద బోర్డులు దాటాక రెండూ పోయాయి.

తూకానికి ముందు రోజు నీళ్లు కూడా మానేసే పిచ్చిపని చేయకండి తమ్ముళ్లూ, ఆ రాత్రి రెట్టింపు తింటారు. యూనిట్‌లో చెప్పుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. సైనికుల కోసం, వాళ్ల కుటుంబాల కోసం పుణె సైనిక వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో టెలిమానస్ ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. ఇంట్లో మీ ఆవిడకూ ఆ నంబరు ఇవ్వండి.