ఆ ఊర్లో నీతో ఎవురికి పని?

మధ్యాహ్నం అన్నం తింటూ మళ్లీ అద్దెల సైట్లు చూశాను. కడపలో ఉగాది పోయిందో లేదో ఎండ మేడ మీద కాలు పెట్టనీయడం లేదు, కరెంటు వస్తూ పోతూ ఉంది. అమ్మకు శుక్లాల ఆపరేషన్ అని వచ్చాను. తగ్గాక మళ్లీ పోవాలి. ఎక్కడికి అన్నదే తేలడం లేదు.

ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చని ఆఫీసు వాళ్లు అన్నప్పటి నుంచి, ఇక మీదట ఉండిపోవడానికి ఒక ఊరు వెతుక్కుంటూ తిరుగుతున్నాను. ఏ దేశం పోయినా ముందు చూసేది అద్దె, నీళ్లు, ఆస్పత్రి, రాత్రి తొమ్మిదికి ఆడమనిషి ఒక్కతే నడిచి ఇంటికి రాగలదా అన్నది. చూడాల్సిన గుళ్లూ బీచ్‌లూ సగం చూడకుండానే వచ్చేస్తాను. అంత ఖర్చు పెట్టి పోయి కూరగాయల ధరలు కనుక్కుని వచ్చినావా అని అమ్మ తిడుతుంది.

మొదట మనసు పడింది థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్ మీద. పాత ఊరి చుట్టూ చదరంగా అగడ్త, డిసెంబర్‌లో హాయిగా చలి, అందుబాటులో అద్దెలు. నాలా ఎక్కడి నుంచైనా పని చేసుకునేవాళ్ల కోసం 2024లో వాళ్లు తెచ్చిన డీటీవీ వీసా ఐదేళ్లు చెల్లుతుంది. ఒకసారి అడుగు పెడితే 180 రోజులు ఉండొచ్చు, బ్యాంకులో 5 లక్షల బాట్ చూపించాలి. అన్నీ కుదిరాయనుకునే లోపు ఫిబ్రవరి వచ్చింది. కోతలైన పొలాలు తగలబెడతారు, అడవుల్లో మంటలు లేస్తాయి. ఊరి చుట్టూ కొండలు, పొగ ఎటూ పోదు. ఏప్రిల్ దాకా ఇదే గోల. స్తోమత ఉన్నవాళ్లు ఆ నెలల్లో దక్షిణానికో సముద్రం పక్కకో పోతారు. ఏటా పారిపోవాల్సిన ఊరిని నాది అని ఎట్లా అనుకునేది? మే నెలలో కడప నుంచి పారిపోవాలని నాకూ ఉంటుంది, అది వేరే మాట. ఎండకు దగ్గు రాదు కదా.

తర్వాత మలేషియా, పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్. అక్కడ ఒక్క వీధి వెంబడి నడిస్తే సెయింట్ జార్జ్ చర్చి, చైనా వాళ్ల దేవత గుడి, మారియమ్మన్ గుడి, దక్షిణ భారతం నుంచి పోయిన ముస్లిం వర్తకులు 1801లో కట్టిన కపితాన్ కెలింగ్ మసీదు వరసగా తగులుతాయి. టూరిస్టులు ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు. బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ, ఆ స్వామి మా ఇంటి అల్లుడు అంటూ ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప గుడికి వచ్చి టెంకాయ కొట్టిపోయేది చూస్తూ పెరిగినదాన్ని, నాకు అది వింతగా తోచలేదు. ఇక్కడ ఉండొచ్చు అనిపించింది. కానీ ఉన్నన్నాళ్లూ అక్కడ నన్ను పలకరించినవాళ్లు ఇంటి ఓనరమ్మ, భోజనం అంగడాయన. ఇద్దరికీ నేను డబ్బులిచ్చేదాన్ని.

సాయంత్రం అమ్మను చూడటానికి పక్కింటి కువైట్ మామ వచ్చాడు. రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఎంతమంది పోయారో, అందరి లాగే ఈయనా పోయి, ఇరవై ఏండ్ల పైన ఇంటి డ్రైవరుగా పని చేసి వచ్చాడు. నా ఊళ్ల వేట విని నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నాకు ఆ ఊరు ఏపొద్దూ నచ్చలేదు పాపా. అకామా, అదే ఆడ ఉండే పర్మిట్, రద్దయితే సంచి సర్దుకోని రావాల్సిందే, ఎన్నేండ్లున్నా అంతే. అయినా యా సందులో ఏముండాదో నిద్రలో లేపి అడిగినా చెప్తా. నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ పిల్లోళ్లను బడికి తోల్కపొయ్యింది నేనే, వాళ్ల పెండ్లిండ్లకు బండి తోలింది నేనే. నీకు వాళ్లు వీసా ఇస్తామంటాండారు, సరే. ఆ ఊర్లో నీతో ఎవురికి పని?"

టీ తాగి వెళ్లిపోయాడు. నేను నోట్‌బుక్కులో ఇన్నాళ్లూ రాసుకున్నదంతా ఊరు నాకేమిస్తుందన్న లెక్కే. నా పని బెంగళూరుకు, జీతం కడపలోని బ్యాంకుకు. నేనొక నెల కనిపించకపోతే జార్జ్‌టౌన్‌లో ఆగిపోయేది ఏదీ లేదు. మామకు పౌరసత్వం కాదు కదా, శాశ్వతంగా ఉండే కాగితం కూడా ఎవరూ ఇవ్వలేదు. అయినా నాకు జార్జ్‌టౌన్ తెలిసినదానికంటే ఆయనకు కువైట్ ఎక్కువ తెలుసు.

రాత్రి మలేషియాలోనే ఇపో అనే ఊరి గురించి చదివాను. కౌలాలంపూర్, పెనాంగ్‌ల నడుమ కరెంటు రైలు దారిలో ఉంది, చుట్టూ సున్నపురాయి కొండలు. అది పేరాక్ రాష్ట్రం. ఆ రాష్ట్రంలోనే బాగాన్ దాతుక్ వైపు తోటల పనికి పోయి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. మలేషియా తెలుగు సంఘం పిల్లలకు తెలుగు నేర్పిస్తుంది. వారానికి ఒక పూట నేనూ చెప్పొచ్చు కదా అని అమ్మతో అన్నాను.

"తెలుగు చెప్పేదానికి అంత దూరం పోవాల్నా? మన వీధిలో పిల్లోళ్లకు ఎవురు చెప్తాండారు?"

ఈ మాట అంటుందని తెలుసు. ఈ వీధిలో నేను చెబుతానంటే వద్దనేవాళ్లూ లేరు. కానీ నాకు ఇక్కడ ఉండాలని లేదు. దానికి కడప చేసిన తప్పేమీ లేదు, అమ్మకు అది చెప్పి ఒప్పించడమే కష్టం. ఆమె పడుకున్నాక సంఘానికి మెయిల్ రాశాను. ఇపోలో తరగతి ఉందా, పిల్లలు ఏ వయసు వాళ్లు, జీతం తీసుకోకుండా చెప్పినా వీసాకు ఇబ్బంది వస్తుందా అని అడిగాను. చివరిదానికి వాళ్లేమంటారో చూసి టికెట్ సంగతి.