పావుల్ని తింతారట కదా!

సింగపూర్ నుంచి సెలవు మీద ఊరికొచ్చినప్పుడల్లా టీ కొట్టు దగ్గర నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. మొదటిది జీతం ఎంతని. దానికి ఎవడైనా తగ్గించే చెబుతాడు, అడిగినవాళ్ళకీ ఆ సంగతి తెలుసు, కనక అది తొందరగానే తేలిపోతుంది. రెండోదానికి మాత్రం బీడీ వెలిగించి, బల్ల మీద సర్దుకుని కూర్చుంటారు. "ఏట్రా బావు, అక్కడోలు పావుల్ని, కప్పల్ని తింతారట కదా, నిజివేనా?"

"మాకు అన్నం, పప్పు, కోడికూరే మావా" అని ఉన్నమాట చెబితే మొహాలు చిన్నబోతాయి. టైగర్ బామ్ సీసాలు తేకపోయినా క్షమిస్తారు గానీ, ఒక్క రోత కథైనా మోసుకురానివాణ్ణి విదేశం వెళ్ళొచ్చినవాడిగా శ్రీకాకుళం జిల్లా తీరంలో మా భావనపాడు చుట్టుపక్కల ఎవరూ ఒప్పుకోరు.

ఇది నాతో మొదలైంది కాదు. మా తాత రంగం, అంటే రంగూన్, వెళ్ళొచ్చినవాడు. ఆ రోజుల్లో రంగూన్ రేవులో మూటలు మోసేవాళ్ళలో తెలుగు కూలీలే ఎక్కువ. 1942లో జపాను సైన్యం వచ్చిపడుతోందని వేలమంది అడవులకడ్డంపడి నడిచి తిరిగొచ్చారు, వాళ్ళలో ఆయనొకడు. అంత నడక నడిచొచ్చిన మనిషి చేత ఊరు పదే పదే చెప్పించుకున్నది దారిలో రాలిపోయినవాళ్ళ సంగతి కాదట. బర్మావాళ్ళు రొయ్యపొట్టునీ చిన్న చేపల్నీ ఉప్పేసి పులియబెట్టి ముద్ద చేస్తారనీ, ఆ న్గపీ లేందే అన్నం ముట్టరనీ చెప్పమనేవారట. అది వింటూ మా నాయనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేదట, ఎదురుగా వాకిట్లో నెత్తళ్ళ చేపలు ఎండుతుండగా.

నా వంతుకి నల్లగుడ్డు దొరికింది. నేను షిప్‌యార్డులో పైపు ఫిట్టర్ని. మా సూపర్‌వైజరు చైనా మూలాలున్న సింగపూర్ మనిషి, పెద్దాయన. ఆయన పొద్దున్నే బియ్యపు గంజి తాగుతాడు, అందులో ఈ గుడ్డు ముక్కలు కోసి వేసుకుంటాడు. బాతుగుడ్డుని సున్నం, బూడిద, ఉప్పు కలిపిన ముద్దలో వారాలూ నెలలూ ఉంచుతారు. సున్నం ఘాటు పెంకులోంచి లోపలికి దిగి, పొయ్యి మొహం చూడకుండానే గుడ్డు గట్టిపడుతుంది. తెల్లసొన గోధుమరంగుకి తిరిగి, అవతలి వెలుగు కనబడేంత తేటగా అవుతుంది. పచ్చసొన బూడిదరంగూ ఆకుపచ్చా కలిసిన ముద్ద. పెంకు తీయగానే యూరియా బస్తా విప్పినంత ఘాటు. నోట్లో పెట్టుకున్నాక వాసన భయపెట్టినంత ఏమీ లేదు. మెత్తగా, ఉప్పగా, గుడ్డు రుచే ఇంకాస్త చిక్కగా ఉంది. ఇంకో ముక్క అడిగి తీసుకున్నాను. టీ కొట్టు దగ్గర కథ ఇక్కడికొచ్చేసరికి జనానికి నా మీద నమ్మకం పోతుంది. నేను కక్కుకున్నానని చెప్పాలి, అదీ వాళ్ళు ఎదురుచూసేది.

పాము వండే కొట్టు నాకింతవరకు కనబడలేదు. కప్ప ఉంది. గేలాంగ్ అనే పేటలో మట్టి చట్టిలో ఎండుమిరపకాయలు దట్టించి, గంజితో పాటు వడ్డిస్తారు. ఛీ అనేవాళ్ళకి నేనొక్క మాట గుర్తుచేస్తాను. 1987లో కేంద్రం నిషేధించేదాకా మన దేశమే కప్పకాళ్ళు టన్నులకొద్దీ విదేశాలకి ఎగుమతి చేసేది. పొలాల్లో కప్పలు తరిగి పురుగు పెరుగుతోందన్న గోల లేచాక ఆగింది గానీ, కప్ప మీద జాలితో మాత్రమే కాదు. ఇక దురియన్ పండు. మెట్రో రైల్లో దాని బొమ్మ వేసి, అడ్డగీత కొట్టి మరీ తేవద్దంటారు. ఉద్దానంలో పనసపండ్లు ముగ్గే రోజుల్లో సోంపేట బస్సెక్కినవాడెవడూ దానికి బెదరడు.

నాకివి పెద్ద వింతగా తోచకపోవడానికి నా ధైర్యం కారణం కాదు. మాది సముద్రంలో చేపల వేట మీద బతికిన ఇల్లు. అమ్మ ఎండుచేపల గంప నెత్తినెట్టుకుని టెక్కలి సంతకెళ్ళేది. కండక్టరు గంపని టాపు మీద పెట్టమనేవాడు. వీలుంటే అమ్మని కూడా టాపు మీదే కూర్చోబెట్టేవాడు. లోపల ఆవిడ పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడే వచ్చేవారు. బస్సులో ముక్కు మూసుకున్న ఆ మనుషులే గంట తరవాత సంతలో అదే గంప దగ్గర గొంతుక్కూర్చుని, "ఈ కవళ్ళు పోయిన వారంవి కావు కదా" అని ఒక్కొక్కటీ వాసన చూసి మరీ ఏరుకునేవారు. ఎండుచేప వాళ్ళింటి దాకలో ఉడికితే కూర, మా అమ్మ ఒంటికి అంటితే కంపు. ఆ తేడా టెక్కలి బస్సులోనే చూశాను, దానికి పాస్‌పోర్టు అక్కర్లేకపోయింది.

కంపు మాట వచ్చింది కనక సొర సంగతి కూడా చెప్పాలి. సొరచేపా, టేకు చేపా సముద్రపు ఉప్పుని తట్టుకోవడానికి ఒంట్లో యూరియా నిలవచేసుకుంటాయి. చచ్చాక అది అమ్మోనియాగా మారుతుంది. ఎండు సొర ఉన్న గదిలో కళ్ళు మండేది అందుకే. ఐస్‌లాండ్‌లో గ్రీన్‌లాండ్ సొరని వారాల తరబడి పులియబెట్టి, నెలల తరబడి వేలాడదీసి తింటారు. కొరియా దక్షిణపు తీరంలో టేకుని పులియబెట్టి పచ్చిగానే తింటారు. లోకంలో రోత తిళ్ళ జాబితా ఎవరు రాసినా ఈ రెంటికీ చోటుంటుంది. స్వీడన్‌లో మాల్మో అనే ఊళ్ళో 2018లో ఇలాంటి తిళ్ళకి ఏకంగా మ్యూజియమే తెరిచారు, టిక్కెట్టు వాంతి సంచి మీద అచ్చేసి చేతికిస్తారట. మన కోస్తాలో ఆ జాతి చేపనే ఉడకబెట్టి, పొడి చేసి, వెల్లుల్లి దంచివేసి, పాలు పడతాయని పచ్చి బాలింతకి పెడతాం. సొరపుట్టు ఇంకా మాల్మో వాళ్ళ చెవిన పడినట్టు లేదు.

డార్మిటరీలో వంటగది అందరికీ కలిపి ఒకటే. మా గదిలో గజపతినగరం వైపు రైతుబిడ్డ ఒకడున్నాడు. మంచివాడు, ముక్కు మాత్రం సున్నితం. కాక్స్ బజార్ నుంచి వచ్చిన బంగ్లా ఆయన ఒకరోజు ఎండుచేప కాల్చి, ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ వేసి, ఆవనూనెతో మెదిపాడు. శుట్కీ అంటారు వాళ్ళు. కాక్స్ బజార్‌లో ఎండబెట్టే తీరు వింటే మా రేవులోది విన్నట్టే ఉంది, వాళ్ళకి నౌపడ ఉప్పు లేదంతే. నేను కంచం తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను. మనవాడు ఆఫీసుకెళ్ళి ఫిర్యాదు రాశాడు. "అన్నా, మనుషులుండే చోటా ఇది?" అని నన్నూ కోప్పడ్డాడు.

తరవాతి ఆదివారం వాడే పులిహోర కలిపాడు. నూనె కాగాక ఇంగువ కాస్త ఉదారంగానే వేశాడు. బర్మా కుర్రాడొకడు పరుగున వచ్చి కిటికీలన్నీ తెరిచేసి, "గ్యాస్ లీకా?" అని సిలిండర్ల వైపు చూస్తున్నాడు. వాణ్ణి తప్పుపట్టలేం. యార్డులో మాకు మొదట నేర్పేదే అది, తెలియని ఘాటు వాసనొస్తే పని ఆపి బయటికి పొమ్మని. మావాడికి మాత్రం అవమానంతో మాట పడిపోయింది. "దేవుడికి నైవేద్యం పెట్టేదన్నా ఇది" అని మధ్యాహ్నం దాకా గొణుగుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రం నేను బర్మా కుర్రాణ్ణి న్గపీ ఉందా అని అడిగాను. ఉంది. పచ్చిమిరపకాయలూ నిమ్మరసం వేసి కలిపిచ్చాడు. తాత చెప్పినదాంట్లో వాసన వరకూ నిజం. రుచి గురించి ఆయన ఎందుకో ఎవరికీ చెప్పలేదు. బహుశా నాయనమ్మ ఎదురుగా ఉండబట్టేమో.

యార్డులో మాతో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆయన వాళ్ళ బాలుట్ గురించి చెప్పేటప్పుడు గొంతే మారిపోతుంది. బాతుగుడ్డుని రెండు, మూడు వారాలు పొదగనిచ్చి, లోపల పిల్ల రూపం కడుతుండగా ఉడకబెడతారు. పైన చిల్లుచేసి ముందు రసం పీల్చాలట, ఆ తరవాతే ఉప్పూ వెనిగరూ. రాత్రిపూట వీధుల్లో కేకేస్తూ అమ్ముతారట. అదంతా విని, మాకూ ఒకటుందని జున్ను గురించి చెప్పాను. గేదె ఈనిన వెంటనే వచ్చే పాలు, బెల్లం, మిరియాలు, ఆవిరి మీద గడ్డకట్టించడం. ఆయన చెంచా కింద పెట్టేశాడు. "దూడ తాగాల్సినవా?" అన్నాడు. గుడ్డులో పిల్లని ముక్కూ రెక్కలతో సహా నమిలే మనిషి దూడ తరఫున బాధపడుతుంటే ఏమనాలి? నిజానికి ఆయన ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబూ లేదు.

ఫోన్‌లో ఏదో చదువుతుంటే డార్విన్ సంగతొకటి కనబడింది. 1872లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. దక్షిణ అమెరికా కొసన టియెర్రా డెల్ ఫ్యూగోలో ఆయన నిలవ మాంసం తింటుంటే, అక్కడి మనిషొకడు దాన్ని వేలితో తాకి, ఆ మెత్తదనానికి రోతపడ్డాడట. బట్టల్లేని అడవి మనిషి తాకాడని డార్విన్‌కి తన తిండి మీద రోత పుట్టిందట. వాడి చేతులు మురికిగా కనబడలేదని ఆయనే ఒప్పుకున్నాడు. నూటయాభై ఏళ్ళ కిందటి ఆ పెద్దమనిషిలో నాకు మా టెక్కలి కండక్టరు కనిపించాడు.

నేను నిజంగా తినలేకపోయిన తిండి మన అన్నమే. కేటరింగ్ పొట్లం. అర్ధరాత్రి ఎక్కడో వండి, తెల్లారకముందే డార్మిటరీ గేటు దగ్గర పెట్టెల్లో దింపి పోతారు. పొద్దున తినేదీ మధ్యాహ్నం తినేదీ ఒక్కసారే చేతికొస్తాయి. లారీలో మా కాళ్ళ దగ్గర, తరవాత యార్డులో ఇనుప రేకుల నీడన, నీడ కూడా కాలే చోట, ఆ పొట్లం మధ్యాహ్నం దాకా ఉంటుంది. బయట ఉంచిన వంటని వండిన నాలుగు గంటల్లో తినెయ్యాలని ఆ దేశపు ఆహార శాఖ కేటరింగ్ వాళ్ళకి చెబుతుంది. మేం విప్పేసరికి దానికి రెట్టింపు దాటి ఉంటుంది. అన్నం వేళ్ళకి జిగురుగా సాగుతుంది, పప్పు మీద సన్నగా నురగ. బీన్స్ వేపుడు ముట్టుకోగానే తెలిసిపోతుంది.

మన చద్దన్నమూ రాత్రిదే కదా అంటారు కొందరు. చద్దన్నానికి నీళ్ళు పోసి, మూతేసి, పులవాలనే పులియబెడతాం. చోడి అంబలికైనా తరవాణికైనా ఎప్పుడు ఆపాలో ఇంట్లో ఆడవాళ్ళకి ముక్కుతోనే తెలుస్తుంది. పొట్లంలోది పులిసింది కాదు, పాసిపోయింది. దానికి డబ్బు మా జీతంలోంచే పోతుంది. కొందరు అన్నం పారబోసి కూరముక్కలు కడుక్కుని తినేవారు. నేను బిస్కెట్లూ అరటిపండుతో నెట్టుకొచ్చిన రోజులున్నాయి. అప్పులున్నవాళ్ళు కళ్ళు మూసుకుని మొత్తం తినేవారు, సాయంత్రం దాకా వెల్డింగ్ చెయ్యాలి మరి. ఇప్పుడు నేనూ బంగ్లా ఆయనా తెల్లారుజామున లేచి వండుకుంటున్నాం. నిద్ర పోతుందంతే.

ఈ పొట్లం సంగతి టీ కొట్టు దగ్గర చెప్పి చూశాను. "అన్నం పాసిపోతే అదో ఇసేసమా?" అని మావ బీడీ పారేసి, కప్ప దగ్గరికే తిరిగొచ్చాడు.

2024 జులైలో సింగపూర్ ఆహార శాఖ 16 రకాల పురుగుల్ని మనుషులు తినొచ్చని అనుమతిచ్చింది. సెలవులో ఉండగా అరుగు మీద అమ్మకీ మేనత్తకీ ఆ జాబితా చదివి వినిపించాను. కీచురాళ్ళు, మిడతలు, పట్టుపురుగు... అమ్మ అక్కడే ఆపేసింది. "పట్టుపురుగేట్రా! సీర కట్టుకోవాల గానీ దాన్ని తింతారా ఎవులైనా?"

మేనత్త ఆలోచనలో పడింది. ఆవిడది లోపల కొండవార ఊరు. తొలకరి వాన పడ్డ రాత్రి దీపం కింద పళ్ళెంలో నీళ్ళు పెట్టి ఉసిళ్ళు పట్టి, రెక్కలు చెరిగి, పెనం మీద వేయించి, ఉప్పూ కారం వేసి మరమరాల్లో కలిపి పెట్టేది మాకు చిన్నప్పుడు. ఇప్పుడు వీధిదీపాలకి అన్నీ రోడ్డు మీదే రాలి బళ్ళ కింద నలిగిపోతున్నాయని ప్రతి ఏడూ తిట్టుకుంటుంది.

"ఉసిల్లున్నాయేట్రా అందల?" అంది.

మళ్ళీ మొదటినుంచీ చూశాను. "లేవత్తా."

"పదారు రకాలెట్టి ఉసిల్లెట్టనేదా? ఆలకి తిండి సంగతేటి తెలుసురా!"