అద్దాల పెట్టెలో ఆట

మ్యూజియంలో జనాన్ని నిలబెట్టాలంటే ఆటలు పెట్టాలి, స్క్రీన్లు పెట్టాలి అని ఎవరన్నా నాకు ముందు ఒడిశాలోని మా పర్లాకిమిడి గంజపా గుర్తొస్తుంది. చూడని వాళ్ల కోసం చెప్తాను, అవి గుండ్రటి పేకముక్కలు. పాత బట్టని చింతపిక్కల జిగురుతో పొర మీద పొర అంటించి, సుద్ద పూసి ఎండబెట్టి, గుండ్రంగా కోసి, బొమ్మలు వేసి పైన లక్క పట్టిస్తారు. రంగు అంటే పేకలో ఇస్పేటు, ఆటీను లాంటి జట్టు; ఎనిమిది రంగుల కట్టలో 96 ముక్కలు, పది రంగులైతే 120, పన్నెండైతే 144. ఏ రంగులోనైనా ఒకటి నుంచి పది దాకా అంకె ముక్కలు, వాటిపైన మంత్రి, ఆపైన రాజు. మా ఊరికీ, పూరీ దగ్గరి రఘురాజపురానికీ వీటితో పేరొచ్చింది.

బడిలో డ్రాయింగ్ చెప్తాను కాబట్టి పిల్లల్ని మ్యూజియంలకి తిప్పే పని నాదే. అక్కడ గంజపా ఎప్పుడూ అద్దం వెనకాలే ఉంటుంది, వరసగా పేర్చిన ముక్కలు, కింద ఓ చీటీ. పిల్లలు ఒకసారి చూసి పక్కదానికి వెళ్లిపోతారు. ఆడుకోడానికి చేసినదాన్ని ఆడకుండా చూడమంటే ఇంకేం చేస్తారు పాపం! పక్క గదిలో టచ్ స్క్రీన్ క్విజ్ ఉంటే మాత్రం దాని దగ్గర తోసుకుంటారు. ఒకచోట అలాగే ఆడి వచ్చాక అడిగాను, ఏ బొమ్మ మీద ప్రశ్న వచ్చిందిరా అని. సరైన జవాబుకి చప్పట్లు మోగడం అందరికీ గుర్తుంది, బొమ్మ ఒక్కరికీ గుర్తు లేదు. అంటే ఆ స్క్రీన్ పిల్లల్ని పిలిచింది కానీ బొమ్మ దగ్గరికి చేర్చలేదు.

చేర్చే స్క్రీన్లు కూడా ఉన్నాయి. అమెరికాలో క్లీవ్‌లాండ్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ వాళ్లు 2013లో గ్యాలరీ వన్ అని తెరిచారు. అందులో ఒక ఆటలో శిల్పం ఎలా నిలబడిందో మనం అలాగే నిలబడాల్సి ఉండేది, ఎంత దగ్గరగా వచ్చామో కెమెరా చూసి చెప్పేది. వినడానికి చిన్నపిల్లల ఆటే, కానీ ఒక్కసారి ప్రయత్నించి చూడండి, బరువు ఏ కాలి మీద పడింది, నడుం ఎటు వంగింది, భుజం ఎంత దిగింది, ఇవన్నీ చూడకుండా ఆ భంగిమ రాదు. నేను బోర్డు ముందు నిలబడి త్రిభంగం, అంటే ఒంటిని మూడు చోట్ల వంచి నిలబడే భంగిమ గురించి ఎంత చెప్పినా పిల్లలకి ఎక్కనిది, ఒంటితో చేస్తే ఇట్టే ఎక్కుతుంది. తర్వాత అదే మ్యూజియంలో, బొమ్మ చూస్తున్నప్పుడు మన కళ్లు ఎక్కడెక్కడ తిరిగాయో గీసి చూపించే ఆట కూడా పెట్టారు. న్యూయార్క్ కూపర్ హెవిట్ డిజైన్ మ్యూజియం‌లో ఇంకోటి, బల్ల మీద మనమొక డిజైన్ గీస్తే అది గది గోడల నిండా వాల్‌పేపర్‌లా పరుచుకునేది. నా లెక్క ఒక్కటే. ఆట అయ్యాక కళ్లు మళ్లీ బొమ్మ మీదికి వెళ్లాయా లేదా? వెళ్లకపోతే ఎంత ఖర్చు పెట్టి చేసినా దండగ.

గంజపా విషయంలో ఆ లెక్క నాకు కళ్లెదుటే తేలింది. కొత్త కట్ట ఒకటి కొని క్లాసులో చాప మీద ఆడించాను. గుండ్రటి ముక్కలు చేతిలో విసనకర్రలా పట్టుకుంటే అంచులే కనిపిస్తాయి, బొమ్మ కనిపించదు. అప్పుడర్థమైంది పిల్లలకి, ఒక్కో రంగుకీ బొమ్మ వెనకాల నేల ఎందుకు వేరుగా వేశారో, ఎరుపు ఎందుకు, పచ్చ ఎందుకు అని. ఏడో తరగతి పిల్ల ఒకత్తి మత్స్యం రంగు, అంటే చేప గుర్తున్న రంగులో ఏడో ముక్క పట్టుకుని, "టీచర్, ఆరు చేపలు చుట్టూ తిరుగుతున్నాయి, ఒక్కటే మధ్యలో ఉంది, లెక్కపెట్టక్కర్లేదు, చూడగానే ఏడని తెలిసిపోతోంది" అంది. చిత్రకారుడు అందానికే అలా పేర్చాడని నేనిన్నాళ్లూ చెబుతూ వచ్చాను, ఆ పిల్ల ఆటలోంచి ఇంకో కారణం పట్టుకొచ్చింది! ఇక ఆట సంగతంటారా, తురుపు లేదు. అంకె ముక్కల్లో, సగం రంగుల్లో పది పెద్ద, మిగతా సగంలో ఒకటి పెద్ద. ఏ ముక్క వెళ్లిపోయిందో జ్ఞాపకం పెట్టుకున్నవాడిదే ఆట.

మ్యూజియం వాళ్లని నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. పాత కట్ట అద్దంలోనే ఉండనీయండి, చేతులు తగిలితే లక్క పోతుంది, అది నాకూ తెలుసు. దాని పక్కనే ఓ బల్ల, నాలుగు పీటలు, చిత్రకారుల దగ్గర కొన్న కొత్త కట్ట పెట్టండి. డబ్బుంటే పైన కెమెరా, ఒక స్క్రీన్ కూడా. పడిన ముక్క ఏ రంగుదో, ఆ రంగులో పది పెద్దా ఒకటి పెద్దా, ఇంకా ఏవి బయటికి రాలేదో అది చూపిస్తే కొత్తవాళ్లు తడబడకుండా ఆడతారు. స్క్రీన్ పాడైపోయి దాని మీద "పని చేయుట లేదు" అని కాగితం అంటించినా ఆట ఆగదు కదా.

మా గజపతి, రాయగడ కొండల్లో సవర గిరిజనుల గోడబొమ్మలున్నాయి, ఇడితాల్ అంటారు, వాటికైతే ఇంత సరంజామా కూడా అక్కర్లేదు. గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యుడు చంద్రుడు, మధ్యలో సైకిళ్లు, విమానాలు కూడా వేస్తారు. "ఇందులో సైకిల్ ఎక్కడుందో వెతుకు" అని చీటీ ఇస్తే చాలు, పిల్లలు ఆ గోడ దగ్గర్నుంచి కదలరు. కాకపోతే అది దేవతల కోసం, పోయిన పెద్దల కోసం వేసే బొమ్మ, సవర పెద్దల్ని అడక్కుండా దాంతో ఏ ఆటా పెట్టకూడదు, ఈ మాట మాత్రం గట్టిగా చెప్తాను.

గంజపాకి ఇంకో తొందర ఉంది. ముక్కలు ఎలా వేయాలో తెలిసినవాళ్లు దొరుకుతున్నారు, ఎలా ఆడాలో తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. మా వీధిలో ఒక తాత చెప్పిన పద్ధతి వేరు, పక్క వీధిలో విన్నది వేరు. యాప్ చేద్దాం అని ఉత్సాహపడే కుర్రాళ్లు ముందు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసుకుని ఆడటం తెలిసిన ఈ పెద్దల పక్కన కూర్చోవాలి, ఒక్కో ఇంటి పద్ధతినీ విడివిడిగా రాసుకోవాలి, అన్నీ కలిపేసి ఒకటి చేయకూడదు. ఈ వేసవి సెలవుల్లో మా పెద్ద క్లాసు పిల్లలతో ఆ పని మొదలుపెడుతున్నాను. పాతపట్నం వైపు ఎవరింట్లోనైనా ఆడేవాళ్లుంటే చెప్పండి, అక్కడికీ వస్తాం.