అమ్మ స్విచ్ ఆపేస్తే అలెక్సా ఏం చేస్తుంది

ఫోన్‌లో యాప్‌తోనో, అలెక్సాకి నోటితో చెప్పో వెలిగించే స్మార్ట్ బల్బులు కొని నెలైంది. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో మూడు బల్బులు, రెండు స్మార్ట్ ప్లగ్గులు, అంతే, కానీ ఆ ఐదింటికే నాకు చుక్కలు కనిపించాయి. ఆఫర్ ఉంది కదా అని ఆర్డర్ పెట్టేశా, వచ్చాక చూస్తే ఈ27 అంట, అంటే మర తిప్పే రకం, మా ఇంట్లోవేమో అన్నీ పిన్నులు పెట్టి తిప్పే బీ22 హోల్డర్లు, ఇంక ట్రూప్ బజార్ వెళ్లి అడాప్టర్లు తెచ్చుకున్నా. తర్వాత వైఫై గోల. ఇవి వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ అనే బ్యాండ్ మీదే పనిచేస్తాయంట, నేను ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టుకుని గంటసేపు కుస్తీ పట్టా.

ప్లగ్గు విషయంలో మాత్రం తొందరపడకండి బాబూ. గీజర్ 2000 వాట్లదైతే మన 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, దానికి 6 ఆంపియర్ల ప్లగ్గు పెడితే కాలిపోద్ది, 16దే తీసుకోవాలి. నేను ఇదొక్కటే ముందు చదివి కొన్నా.

అసలు సమస్య అమ్మ. పడుకునే ముందు గోడ మీద స్విచ్చులన్నీ టకటకా ఆపేస్తది, బల్బుకి కరెంటే లేకపోతే ఇంక అలెక్సా ఎంత అరిచినా ఏం లాభం. మొన్న బెడ్‌రూమ్ స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉండిపోయింది, రాత్రి రెండింటికి కరెంటు పోయి వచ్చింది, బెడ్‌రూమ్ బల్బు ఫుల్లుగా వెలిగి కూర్చుంది, కరెంటు తిరిగొస్తే బల్బు వెలగాలా వద్దా అనే సెట్టింగ్ యాప్‌లో మార్చలేదు నేను. అమ్మ లేచొచ్చి, "ఏందిరా, దీనికి నిద్ర రాదా?" అని స్విచ్ ఆపేసి వెళ్లిపోయింది.