మావయ్య జీడిపప్పు కొట్టు, ఐదు డాలర్ల ఏపీఐ

పలాసలో మా మావయ్య జీడిపప్పు కొట్టుకి రోజూ అరవై దాకా ఆర్డర్లు వాట్సాప్‌లోనే వస్తాయి. రాత్రి ఎనిమిదికి షట్టర్ దించాక ఒక్కో మెసేజీ చదివి, పుస్తకంలోకి ఎక్కించి, మర్నాటి ప్యాకింగుకి చీటీలు రాసేవారు. పదయితే గానీ అన్నానికి లేచేవారు కాదు. సుగర్ ఉన్న మనిషి. నేను బీకాం చదివి ఆయన దగ్గరే లెక్కలు రాస్తున్నాను. ప్రోగ్రాములు రాసే పైథాన్ భాష యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నాను. ఈ రాత్రిపూట పని ఆయనకి తప్పించాలనే ఏఐ ఏపీఐ జోలికి వెళ్లాను.

చాట్ యాప్‌లో మనం టైప్ చేసి అడిగేదాన్ని మన ప్రోగ్రామే అడిగి జవాబు తెచ్చుకుంటే, ఆ దారి పేరే ఏపీఐ. నెలకింత అని కట్టక్కర్లేదు, వాడినంతకే డబ్బు. నా కార్డు మొదట పనిచేయలేదు. విదేశీ లావాదేవీలు మనమే ఆన్ చేసుకోవాలని తెలిసేసరికి ఒక పూట పోయింది. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ ఖాతాలో ఐదు డాలర్లు ముందుగా వేసి, కీ (పాస్‌వర్డ్ లాంటి రహస్య కోడు) తీసుకుని, దాన్ని ప్రోగ్రాములో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా, అంటే కంప్యూటర్ సెట్టింగుల్లో విడిగా, పెట్టాను. ఆ కీ ఎవరికి దొరికినా మన డబ్బుతోనే వాడేసుకుంటారు మరి.

నేను మొదలుపెట్టింది వాళ్ల చవక మోడల్ (జవాబులిచ్చే ఏఐ) జీపీటీ-4ఓ మినీతో. 2024 జులైలో అది వచ్చినప్పుడు పెట్టిన ధర, మనం పంపే పది లక్షల టోకెన్లకి (ఇవేమిటో కింద చెప్తాను) 15 సెంట్లు, అది రాసిచ్చే పది లక్షలకి 60 సెంట్లు. వేరే కంపెనీల మోడళ్లు, డీప్‌సీక్ లాంటివి కూడా ఓపెన్‌ఏఐ పద్ధతిలోనే పిలిస్తే పలుకుతాయి. అడ్రసు, కీ, మోడల్ పేరు మారిస్తే అదే ప్రోగ్రాము నడుస్తుంది.

టోకెన్ అంటే మాట కాదు, మాటలో ముక్క. ఇక్కడే తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఉంది. శ్రీకాకుళం అని తెలుగులో రాస్తే మన కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కి అవి శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఇలా విడివిడిగా పది గుర్తులు, ఒక్కోటి మూడు బైట్ల చొప్పున ముప్ఫై బైట్లు. ఇంగ్లిష్‌లో అదే ఊరికి పది అక్షరాలు, పదే బైట్లు. పాత మోడళ్ల దగ్గర తెలుగు మాటల ముక్కలు పెద్దగా లేక, మన రాతని ఇలాంటి చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టేవి. అందుకే తెలుగుకి టోకెన్లు విపరీతంగా పడేవి. 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ చూపించిన ఉదాహరణలో, అంతకుముందు 159 టోకెన్లు పట్టిన తెలుగు ముక్క 45కి దిగింది. అది చదివిన రోజు నాకు నిజంగా సంతోషం వేసింది. మన భాషలో అడగడానికి మనం ఎక్కువ కట్టడమేమిటని అంతకుముందు బాధగా ఉండేది.

నా ప్రోగ్రాము ఒక్కో వాట్సాప్ మెసేజీని మోడల్‌కి పంపి, ఏ సరుకు ఎంత, ఎప్పటికి కావాలో పట్టికగా రాయించుకుంటుంది. మొదటి రోజు ఫలితం చూసి మావయ్య కళ్లద్దాలు పైకెత్తారు. "ఏటమ్మా ఇది? టెక్కలి మిఠాయి కొట్టుకి మూడొందల ఇరవై కేజీలా! మన దగ్గర అంత సరుకేదీ?" అసలు మెసేజీ "320 ఐదు కేజీలు". 320 అంటే రకం, పౌనుకి 300 నుంచి 320 పప్పులు తూగే సైజు. మోడల్ దాన్నే బరువు అనుకుంది. "బద్ద రెండు టిన్నులు" అంటే రెండు కేజీలని రాసింది. మా కొట్టులో టిన్ను అంటే పది కేజీలు. "ఎల్లుండికి కావాలి" అన్నదానికి ఎప్పటిదో పాత తేదీ వేసింది. ఈరోజు ఏ తేదీయో మనం చెప్పకపోతే దానికి తెలిసే దారి లేదు.

తప్పు మోడల్‌ది అనను. కొట్టులో కొత్తగా చేరిన కుర్రాడికైనా ఇవన్నీ చెప్పే పనిలో పెడతాం కదా. మావయ్యని పక్కన కూర్చోబెట్టుకుని కొట్టు మాటలన్నీ రాశాను: రకాలు, బద్ద, ముక్క, టిన్ను, కేజిన్నర, ముప్పావు. పైన ఆరోజు తేదీ, వారం. మోడల్ కిందటిసారి మాట గుర్తుపెట్టుకోదు కాబట్టి ప్రతి ఆర్డరుతోనూ ఈ సూచనలన్నీ మళ్లీ వెళ్తాయి. ఆర్డరుకి ఏడొందల టోకెన్లు పంపితే వంద తిరిగొస్తాయి. అరవై ఆర్డర్లకీ కలిపి రోజుకి ఒక సెంటు, అంటే మన రూపాయి లోపే.

ఒక రాత్రి మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. ఎవరో పంపిన గుడ్ నైట్ మెసేజీకి మోడల్ పట్టికలా కాకుండా మామూలు మాటల్లో జవాబిచ్చింది. అది అర్థంకాక నా ప్రోగ్రాము మళ్లీ అడిగింది, మళ్లీ అడిగింది, సెకనుకోసారి తెల్లారేదాకా. ఆరింటికి లేచి చూస్తే ఐదు డాలర్లలో పాతిక సెంట్లు కూడా లేవు. డబ్బు అయిపోగానే కార్డు నుంచి మళ్లీ తీసుకునే ఆటో రీచార్జ్ ఆపి ఉంచాను కాబట్టి, నేను లేవకపోయినా ఆ ఐదు డాలర్లు దాటి పోయేది కాదు. ఇప్పుడు మూడుసార్లు అడిగినా కుదరకపోతే ఆ మెసేజీ పక్కన పెట్టేలా రాశాను. మీరు మొదలుపెట్టేటప్పుడు ముందు ఈ రెండూ చూసుకోండి.

ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం పంపను. నమ్మి ఆర్డరిచ్చినవాళ్ల వివరాలు ఊరు దాటించే హక్కు నాకు లేదు. వాటి బదులు మా పుస్తకంలో వరస నంబరు వెళ్తుంది, సరుకు సంగతి వెళ్తుంది. వచ్చిన పట్టికని మావయ్య ఒకసారి వేలు పెట్టి చదివి సరే అన్నాకే చీటీలు ప్రింటవుతాయి. ఆయన ఎనిమిదిన్నరకి భోంచేస్తున్నారు.

పర్లాకిమిడి కిరాణావాళ్ల ఒడియా మెసేజీలు పదకొండు మిగిలిపోయాయి. వాటిలో బద్దని ఏమంటారో అడిగి రాసుకోవాలి. ఆదివారం కొట్టుకి సెలవు, ఆ పనిమీద కూర్చుంటాను.