రెండు నానోఆంపియర్లు ఎటు పోతున్నాయి?

నేను కట్టిన సర్క్యూట్‌లో ఒక కెపాసిటర్‌కి ఉన్న పని ఒక్కటే. సెన్సర్ నుంచి వచ్చిన పల్స్, కరెంట్‌ని ఒక వైపుకే పోనిచ్చే డయోడ్ గుండా దానిలోకి చేరుతుంది, ఆ పల్స్ ఎంత ఎత్తుకు వెళ్లిందో ఆ వోల్టేజ్‌ని అది పట్టి ఉంచాలి, నేను తీరిగ్గా చదువుకోవాలి. అది పట్టి ఉంచడం లేదు. డబ్బా మూసి 5 వోల్ట్ల దగ్గర వదిలితే 50 సెకన్లలో 4 వోల్ట్లకు దిగిపోతోంది. కెపాసిటర్ 100 నానోఫారడ్‌ది (నానో అంటే వంద కోట్లలో ఒక వంతు). ఒక వోల్ట్ తగ్గిందంటే 100 నానోకూలంబుల ఛార్జ్ పోయినట్టు. 50తో భాగిస్తే సెకనుకి 2 నానోకూలంబులు, అంటే 2 నానోఆంపియర్లు.

ఆ రెండు నానోఆంపియర్లు డయోడ్ గుండా వెనక్కి పోతున్నాయా, కెపాసిటర్ లోపలే ఇంకిపోతున్నాయా, బోర్డు మీదుగా పాకుతున్నాయా? ఒక్కోదాన్ని విడదీసి కొలిస్తే తప్ప తెలియదు. అనుమానం ముందు డయోడ్ మీదకే పోయింది. అందరూ వాడే 1ఎన్4148, గాజు ఒంటిది. నా దగ్గరున్నది ఆరున్నర అంకెల బెంచ్ మల్టీమీటర్. ఇంత మంచి మీటర్ ఉండగా అరగంట పని అనుకున్నాను. వారం పట్టింది.

మొదట అందరూ చేసేదే చేశాను. 5 వోల్ట్ల సప్లై, తిరగేసిన డయోడ్, వరసలో మీటర్, కరెంట్ మోడ్. అన్నిటికన్నా చిన్న రేంజ్ 10 మిల్లీఆంపియర్లు. అందులో చివరి అంకె విలువ 10 నానోఆంపియర్లు, నేను వెతుకుతున్నదానికి ఐదు రెట్లు. అయినా చూద్దామని పెడితే మైనస్ ఒక మైక్రోఆంపియర్‌కి అటూ ఇటూ ఏదో కనిపించింది. డయోడ్ పీకేశాను. అంకె మారలేదు! మాన్యువల్ తీసి చూస్తే ఆ రేంజ్‌లో రీడింగ్‌లో వచ్చే పొరపాటుకు తోడు రేంజ్‌లో 0.02 శాతం కలుపుకోవాలని ఉంది. 10 మిల్లీఆంపియర్లలో 0.02 శాతమంటే 2 మైక్రోఆంపియర్లు, నాకు కావలసినదానికి వెయ్యి రెట్లు. చివరి అంకె ఎంత చిన్నదో చూసి మీటర్ అంతవరకూ కొలుస్తుందని నమ్మడం చాలా మంది చేసే పొరపాటు. ఆ రోజు దాకా నేనూ అలాగే నమ్మాను.

కరెంట్ మోడ్ వదిలేసి వోల్టేజ్ మోడ్‌కి వెళ్లాను. మీటర్ వోల్టేజ్ ఇన్‌పుట్‌లో 10 మెగా ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. కొలవాల్సిన కరెంట్‌ని దాని గుండానే పోనిస్తే 1 నానోఆంపియర్‌కి 10 మిల్లీవోల్ట్లు వస్తాయి. 10 మిల్లీవోల్ట్లంటే ఈ మీటర్‌కి లెక్కే కాదు. డయోడ్ క్యాథోడ్‌ని సప్లై ప్లస్‌కి, యానోడ్‌ని మీటర్ హై టెర్మినల్‌కి, లో టెర్మినల్‌ని సప్లై మైనస్‌కి కలిపాను. అంకె మెల్లగా పైకి పాకుతూ 4.9 వోల్ట్ల దగ్గర ఆగింది. 10 మెగా ఓమ్‌లతో భాగిస్తే 490 నానోఆంపియర్లు. డయోడ్ పాడైందనుకుని ఇంకోటి పెట్టాను, అదే కథ. నాలుగు డయోడ్లు మార్చాక గుర్తొచ్చింది: ఈ మీటర్‌లో 10 వోల్ట్ల రేంజ్ వరకూ ఇన్‌పుట్‌ని 10 గిగా ఓమ్‌ల పైకి పెంచే సెట్టింగ్ ఉంది, ఎప్పుడో నేనే ఆన్ చేసి ఉంచాను. తిరగేసిన డయోడ్ గుండా జారే కరెంట్‌కి, అంటే లీకేజ్‌కి, కిందికి పోయే దారి లేక, ఆ కొసన వోల్టేజ్ సప్లై దాకా ఎక్కేసింది. సెట్టింగ్ మార్చాను. 83 మిల్లీవోల్ట్లు, అంటే 8.3 నానోఆంపియర్లు.

ఇప్పుడు నమ్మదగ్గ అంకె వచ్చింది కానీ నేను లెక్కేసిన దానికి నాలుగు రెట్లుంది. అసలు సర్క్యూట్‌లో పోతున్నదే మొత్తం 2 అయితే, ఒక్క డయోడ్ 8 ఎలా పోనిస్తుంది?

దాని మీద చాలాసేపు కూర్చున్నాను. క్లిప్ సర్దుదామని చెయ్యి చాపినప్పుడు అంకె పడిపోయింది. చెయ్యి కదిలితే రీడింగ్ ఎగిరి పడటం మామూలే, ఒంటి మీది స్టాటిక్ ఛార్జ్ అలా చేస్తుంది. కానీ అలాంటిది చెయ్యి ఆగగానే మళ్లీ మొదటికొస్తుంది. ఇది రాలేదు. చెయ్యి అక్కడే కదలకుండా ఉంచితే అంకె కూడా కిందనే ఉంది, తీస్తే పైకి వెళ్లింది. అప్పుడు చూశాను, నా అరచేతి నీడ సరిగ్గా డయోడ్ మీద పడుతోంది. టేబుల్ లైట్ ఆపాను. 8.3 కాస్తా 3 దగ్గరకొచ్చింది. నల్ల కాగితం చుట్టితే 2.3. గాజు ఒంటి డయోడ్‌లో సిలికాన్ ముక్క బయటికే కనిపిస్తుంటుంది, వెలుగు పడితే చిన్న సోలార్ సెల్‌లా పనిచేస్తుంది. పుస్తకంలో చదివిన సంగతే, కళ్ల ముందు జరిగితే మాత్రం ఒళ్లు జలదరించింది. వెంటనే అసలు సర్క్యూట్ మూత తీసి, లైటు కింద పెట్టి చూశాను. ఒక వోల్ట్ దిగడానికి 50 సెకన్లు కాదు, 12 సెకన్లే పట్టింది. లెక్క వేస్తే 8.3 నానోఆంపియర్లు!

ఆ తర్వాత 2.3లో అసలు డయోడ్‌ది ఎంత అన్నది పట్టుకున్నాను. డయోడ్ ఒక్కటే తీసి, మిగతా తీగలన్నీ ఎక్కడివక్కడే ఉంచి, సప్లై ఆన్ చేశాను. సున్నా రావాలి. 3 మిల్లీవోల్ట్లు వచ్చింది. అంటే డయోడ్ లేకుండానే 0.3 నానోఆంపియర్లు వస్తున్నాయి. బ్రెడ్‌బోర్డ్ మీద పక్కపక్క వరసల మధ్య ప్లాస్టిక్ గుండా, దాని మీది చెమట, దుమ్ము గుండా వస్తున్నాయి. 5 వోల్ట్లకి 0.3 నానోఆంపియర్లంటే దాదాపు 17 గిగా ఓమ్‌లు. మామూలు పనికి ఇది భేషైన ఇన్సులేషన్. ఈ పనికి మాత్రం అది ఒక విడిభాగం కిందే లెక్క. బ్రెడ్‌బోర్డ్ పక్కన పెట్టి డయోడ్ కాలిని తీగతో గాల్లోనే సోల్డర్ చేశాను, ఫ్లక్స్ అంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరనిచ్చాను. గాజు మీద వేలు పెట్టకుండా పట్టకారుతోనే పట్టుకున్నాను. మొత్తాన్ని ఒక రేకు డబ్బాలో పెట్టి, డబ్బాని లో టెర్మినల్‌కి కలిపాను. దీనివల్ల మెయిన్స్ హమ్ (ఇంటి కరెంట్ తీగల నుంచి వచ్చే అలజడి) ఆగింది, వెలుగూ ఆగింది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది: హై వైపు తీగ నుంచి డబ్బాకి ఏదైనా లీకైనా, ఆ రెండింటి మధ్య ఉన్నది 20 మిల్లీవోల్ట్లే, 5 వోల్ట్లు కాదు. తీగల్ని టేప్‌తో బల్లకి అంటించేశాను, కేబుల్ కదిలితే లోపలి ఇన్సులేషన్ రాపిడికే ఛార్జ్ పుడుతుంది కాబట్టి. రీడింగ్‌ని 10 మెయిన్స్ సైకిళ్ల సగటుగా తీయమన్నాను. 50 హెర్ట్జ్‌కి అది 200 మిల్లీసెకన్లు.

ఇప్పుడు డయోడ్ తీస్తే 0.12 మిల్లీవోల్ట్లు మిగిలింది, అంటే 12 పికోఆంపియర్లు (పికో అంటే నానోలో వెయ్యో వంతు). సప్లై తీసేసినా అది పోలేదు. మీటర్ లోపలి యాంప్లిఫయర్ బయటికి తోసే బయాస్ కరెంట్ అది. ప్రతి రీడింగ్ నుంచి తీసేశాను.

ఇన్‌పుట్ నిజంగా 10 మెగా ఓమ్‌లేనా అన్నది కూడా వదల్లేదు. 0.1 శాతం ఖచ్చితత్వమున్న 10 మెగా ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా సరిగ్గా 5 వోల్ట్లిస్తే మీటర్ సగం, అంటే 2.5 చూపాలి. 2.4925 చూపింది. అంటే ఇన్‌పుట్ 9.94 మెగా ఓమ్‌లు. తేడా 0.6 శాతం.

ఇన్ని సరిచేశాక డయోడ్ లీకేజ్ 28 డిగ్రీల దగ్గర 1.98 నానోఆంపియర్లని తేలింది. మర్నాడు పొద్దున 1.5. మళ్లీ ఏదో ఊడిందని గుండె గుభేల్‌మంది కానీ, గదిలో థర్మామీటర్ 24 చూపిస్తోంది. సిలికాన్ డయోడ్‌లో ఈ లీకేజ్ సుమారు పది డిగ్రీలకి రెట్టింపవుతుంది, నాలుగు డిగ్రీలకి ఆ మాత్రం తేడా రావాల్సిందే. ఆ రోజు నుంచి ప్రతి రీడింగ్ పక్కన ఉష్ణోగ్రత రాస్తున్నాను.

ఛార్జ్‌ని దోచేస్తున్న దొంగ ఆ డయోడేనని తేలింది. దాని బదులు తక్కువ లీకేజ్ కోసమే చేసే బిఎవి199 తెచ్చాను, నల్ల ప్లాస్టిక్ ఒంటిది. దాని లీకేజ్ మామూలుగా పికోఆంపియర్లలో ఉంటుంది. మీటర్ సొంత 12 పికోఆంపియర్ల ముందు అది ఆనదు. అందుకని బయాస్ కరెంట్ మామూలుగా 2 ఫెమ్టోఆంపియర్లే (ఫెమ్టో అంటే పికోలో వెయ్యో వంతు) ఉండే ఎల్ఎంసి662 ఆప్-ఆంప్ అనే యాంప్లిఫయర్ చిప్‌కి ఫీడ్‌బ్యాక్‌లో, అంటే అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి, 1 గిగా ఓమ్ రెసిస్టర్ పెట్టాను, ఇన్‌పుట్ కాలిని బోర్డుకి తగలకుండా పైకి వంచి. దీనిలో 1 పికోఆంపియర్‌కి 1 మిల్లీవోల్ట్. ఒక పికోఆంపియర్‌లో సెకనుకి పోయేది 62 లక్షల ఎలక్ట్రాన్లు. 2019 మే 20 నుంచి ఆంపియర్ నిర్వచనమే ఎలక్ట్రాన్ ఛార్జ్ మీద నిలబడి ఉంది కాబట్టి, ఇలా లెక్కపెట్టుకుంటే నాకు ఆ కరెంట్ చేతికి అందినట్టుంటుంది. పాత డయోడ్‌నే ముందు దీనికి పెట్టి చూశాను. 28 డిగ్రీల దగ్గర 1.96 వోల్ట్లు, అంటే 1.96 నానోఆంపియర్లు. రెండు వేరువేరు పద్ధతులు ఇంత దగ్గరగా వచ్చాక గానీ నాకు నిద్ర పట్టలేదు.

కొత్త డయోడ్ 4 పికోఆంపియర్లు చూపింది. కెపాసిటర్ మాత్రం ఏడిపించింది. రీడింగ్ ఒక చోట నిలవదు, పదుల పికోఆంపియర్లు పైకీ కిందకీ. కారణం సప్లై. 100 నానోఫారడ్ల మీద వోల్టేజ్ సెకనుకి 10 మైక్రోవోల్ట్లు జారినా 1 పికోఆంపియర్ పారుతుంది, బెంచ్ సప్లై అంతకన్నా ఎక్కువే ఊగుతుంది. బ్యాటరీలకు మార్చి, వాటినీ డబ్బాలో పెట్టి, పావుగంట ముట్టుకోకుండా ఉంచాను. పాలీప్రొపైలిన్ కెపాసిటర్ లోపలి పొర మెల్లగా ఛార్జ్ పీల్చుకుంటూ ఉంటుంది, అదీ సద్దుమణగాలి. చివరికి 6 దగ్గర నిలిచింది.

కొత్త డయోడ్ అసలు బోర్డులో పెట్టి, కడిగి, మూత బిగించి, 5 వోల్ట్ల దగ్గర వదిలాను. గంట తర్వాత, కెపాసిటర్ వోల్టేజ్‌ని దాని ఛార్జ్ లాగకుండా చదివిచ్చే బఫర్ అవుట్‌పుట్‌లో చూస్తే 4.48. దిగింది 0.52 వోల్ట్లు, అంటే సుమారు 14 పికోఆంపియర్లు. డయోడ్ నాలుగు, కెపాసిటర్ ఆరు. మిగిలిన నాలుగు బోర్డు మీద ఎక్కడో ఉన్నాయి, రేపు కెపాసిటర్ కాలిని కూడా గాల్లోకి లేపి చూస్తాను.